కాటాకెక్కిన గ్రాఫిక్స్ కార్డు

మా అనకాపల్లిలో ఏ సరుకునైనా ముందు రంగు చూస్తారు, తర్వాత గోటితో గిల్లుతారు, ఆఖర్న నాలిక మీద వేసుకుంటారు. బెల్లం మార్కెట్‌లో తరాలుగా నడుస్తున్న పరీక్ష ఇది. పెళ్లిసంబంధాలకు కూడా మొదటి రెండూ వర్తింపజేసే పెద్దలు మా ఊళ్లో ఉన్నారు. అయితే కంప్యూటర్లో ఆటలాడుకునే గ్రాఫిక్స్ కార్డుకు ఈ పరీక్ష ఎలా పెట్టాలన్న సమస్య మాత్రం మా మేనల్లుడి పుణ్యమా అని మా ఇంటికే వచ్చింది.

వాడు ఇంజినీరింగ్ రెండో ఏడు. వాడి కన్ను పడింది ఎన్విడియా వారి ఆర్‌టీఎక్స్ 5090 మీద. 2025 జనవరి నెలాఖరున విడుదలైనప్పుడు మన దేశానికి కంపెనీ చెప్పిన ధర 2 లక్షల 14 వేల రూపాయలు. వాడి తండ్రి, అంటే మా బావ, బెల్లం యార్డులో కమీషన్ ఏజెంటు. ధర విని ఆయన గుండె పట్టుకోలేదు, మనిషి తొణకలేదు. "ఏటీ, అది క్వింటాలు రేటా, ఒక్క దిమ్మ రేటా?" అని మాత్రం అడిగాడు. ఒక్క దిమ్మదే అని తెలిశాక నాకు కబురొచ్చింది. మా బంధువుల్లో నాకు కంప్యూటర్ క్షుణ్ణంగా తెలుసని పేరు. నలుగురి ఆధార్‌లకు ఫోన్ నంబర్లు లింకు చేయించినందుకు వచ్చిన పేరది.

నేను వెళ్లి అంకెలు మొదలుపెట్టాను. 21,760 కోర్లు, 32 జీబీ మెమరీ, అన్నాను. బావ చేత్తో ఆపాడు.

"పేరెట్టినోడే సరుకమ్మేవోడు. ఆడు సెప్పిన గ్రేడు నమ్మేత్తావేటి?"

నవ్వబోయి ఆగిపోయాను. ఎందుకంటే 2022లో అచ్చంగా అదే జరిగింది. ఆర్‌టీఎక్స్ 4080 పేరుతో కంపెనీ రెండు కార్డులు ప్రకటించింది, ఒకటి 16 జీబీ, ఒకటి 12 జీబీ. తేడా మెమరీలోనే అనుకుంటే పొరపాటు, 12 జీబీ దాంట్లో కోర్లు కూడా బాగా తక్కువ. జనం గోల పెట్టేసరికి విడుదలకు ముందే దాన్ని వెనక్కి తీసుకుని, మరుసటి జనవరిలో 4070 టీఐ అని పేరు మార్చి దించారు. ఇది చెబితే బావ ముఖం వెలిగిపోయింది. తన వ్యాపారం అమెరికాలోనూ ఉందని ఆయనకు అప్పటిదాకా తెలియదు.

"మరి తూకం?" అన్నాడు.

తూకంలోనూ జరిగింది. 2014లో వచ్చిన జీటీఎక్స్ 970కి 4 జీబీ మెమరీ అన్నారు. మూడున్నర జీబీ పరుగెడుతుంది, చివరి అర జీబీ కుంటుతుంది. అమెరికాలో కోర్టుకెళ్లారు, 2016లో కార్డుకు 30 డాలర్ల చొప్పున ఇచ్చేలా రాజీ కుదిరింది. "అదీ, కాటా దగ్గర నిలబడాలి" అని బావ కొడుకు వైపు తిరిగి కళ్లెగరేశాడు. వాడు ఫోన్లో తలదూర్చాడు.

అసలు చిక్కు ఫ్రేముల దగ్గరొచ్చింది. కార్డు సెకనుకు ఎన్ని బొమ్మలు గీసి తెరకు పంపుతుందో అదే దాని సత్తా. సైబర్‌పంక్ 2077 అనే ఆటలో వెలుగునీడలన్నీ పూర్తిస్థాయిలో పెట్టి 4కే తెర మీద ఆడిస్తే, ఈ రెండు లక్షల కార్డు సొంతంగా సెకనుకు 30 బొమ్మలు కూడా గియ్యలేదు. కంపెనీ వాళ్ల ప్రదర్శనలో మాత్రం 200 దాటింది. కిటుకు డీఎల్‌ఎస్‌ఎస్ 4. చిన్నగా గీసిన బొమ్మను ఏఐ పెద్దది చేస్తుంది, ఆపైన ఒక్క అసలు బొమ్మకు మూడు దాకా కొసరు బొమ్మలు ఊహించి మధ్యలో దూరుస్తుంది. 2025 జనవరిలో లాస్ వేగాస్ వేదిక మీద కంపెనీ అధినేత జెన్సెన్ హువాంగ్, 549 డాలర్ల 5070 కార్డు 1,599 డాలర్ల 4090 అంత పని చేస్తుందన్నది ఈ కొసరంతా కలుపుకునే.

బావ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒకే మాట అన్నాడు. "హైడ్రోసు."

తెలియనివాళ్లకు చెప్పాలి. బెల్లం పాకంలో హైడ్రోస్ అనే రసాయనం వేస్తే దిమ్మ పసుపుపచ్చగా మిలమిల్లాడుతుంది, రంగుకు రేటు పలుకుతుంది. చూపుకు మేలే, పాకం మాత్రం అదే పాకం. కార్డు విషయంలోనూ అంతే. కొసరు బొమ్మలతో కదలిక నున్నగా కనిపిస్తుంది. మీరు మీట నొక్కాక ఆటలో మనిషి తుపాకీ ఎత్తే వేగం మాత్రం అసలు బొమ్మల లెక్కనే ఉంటుంది, ఓ పిసరు ఇంకా ఆలస్యం. పైగా ఎప్పుడూ సగటే చెబుతారు. సగటు 90 ఉన్నా, మధ్యమధ్యలో 25కి పడిపోతే ఆట తడబడుతుంది. అందుకే బాగా పరీక్షించేవాళ్లు అట్టడుగు ఒక శాతం బొమ్మల వేగం ఎంతో విడిగా ఇస్తారు. దిమ్మ పగలగొట్టి లోపల చూడ్డమన్నమాట.

ఇంతలో మేనల్లుడు మధ్యేమార్గంగా విశాఖ నుంచి ఒక పాత ఆర్‌టీఎక్స్ 3080 తెప్పించాడు, చూసి ఇచ్చేసే షరతు మీద. ఆ రోజు చూడాలి మా బావని. కళ్లజోడు సర్దుకుని కార్డును కిటికీ వెలుతురుకు పట్టాడు. స్క్రూ తలల మీద గోరు పెట్టి గీశాడు, నలుపు లేచిపోయి ఇత్తడి రంగు మెరుస్తోంది. "ఇప్పేరు" అన్నాడు. అంచున జిడ్డు వేలికి రాసుకుని చూపించాడు, లోపలి ప్యాడ్లు వేడికి కారిన నూనె అది. కంప్యూటర్ వెనక కనబడే ఇనుప పట్టీకి తుప్పు. "సముద్రం గాలి." ఆఖర్న ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చాడు. నాలిక మీద వేసుకుంటాడేమోనని మేనల్లుడు కంగారుపడి లాక్కున్నాడు. నేను చరిత్ర అందించాను: 2022 సెప్టెంబరులో ఇథీరియం అనే డిజిటల్ నాణేల పద్ధతి మారి, కార్డులతో ఆ నాణేలు తవ్వే పని ఆగిపోయింది. రాత్రింబవళ్లు మండిన కార్డులు కడిగి తుడిచి సంతకొచ్చాయి. ఇదీ ఆ సంతానమే కావచ్చు. తిరిగి పంపించేశాం.

మళ్లీ 5090 దగ్గరికే వచ్చాం. కార్డొక్కటే 575 వాట్లు లాగుతుంది, మన సీలింగు ఫ్యాన్లు ఏడింటి పైమాటే. రోజుకు నాలుగ్గంటలు నిండుగా ఆడితే నెలకు 69 యూనిట్లు, స్లాబు మారడం ఖాయం. వెయ్యి వాట్ల పవర్ సప్లై వేరే కొనాలి. పొడవు 30 సెంటీమీటర్లు, వీడి క్యాబినెట్లో పట్టదు. కరెంటు ప్లగ్గులు కరిగిన ఫొటోలు చూపిస్తే మా అక్క వంటింట్లోంచే తీర్పు చెప్పింది: "ఇంట్లో కుంపటి నాకొక్కటి సాలు."

అప్పుడు బావ అడిగాడు, ఎవరూ అడగనిది. "ఇంతకీ ఈ బొమ్మలు పడేది దేనిమీదరా?"

మేనల్లుడు మెల్లిగా బల్ల మీదున్న మానిటర్ చూపించాడు. ఎప్పుడో నేనిచ్చిందే. సెకనుకు 60 సార్లే మారుతుంది. అంటే కార్డు 200 పంపినా అది చూపేది 60. దాని మీద చుక్కలు 20 లక్షల 73 వేలు. 5090 పుట్టింది 83 లక్షల చుక్కల 4కే తెర కోసం. చెరుకు లేనివాడు గానుగ కొన్నా తిప్పేదేముంది?

చివరికి కొన్నది 16 జీబీ 5060 టీఐ, 180 వాట్లది. మిగిలిన డబ్బులో కొంత పెట్టి సెకనుకు 144 సార్లు మారే, అంటే 144 హెర్ట్‌జ్ మానిటర్. ఇదే పేరుతో 8 జీబీదీ అమ్ముతున్నారు కనుక పెట్టె మీద బావే స్వయంగా చదివి, దుకాణం వాడి ముందు మళ్లీ చదివించాడు. నా లెక్కలో, మామూలు తెర ముందు కూర్చునే కుర్రాడికి అంతకు మించి పెట్టడం దండగ.

కార్డులు పరీక్షించి రాసే బెంగళూరు, హైదరాబాదు మిత్రులకు ఒక మనవి. మీ ఏసీ గదుల అంకెలు మాకు అక్కరకు రావు. వైశాఖ మాసంలో మా అనకాపల్లి వచ్చి, ఫ్యాన్ కింద, వోల్టేజీ ఊగుతుండగా, మధ్యాహ్నం రెండింటికి ఓ గంట ఆడించి సగటూ అట్టడుగూ రాసివ్వండి. భోజనం మా ఇంట్లోనే. కార్డు మాత్రం మీరే తెచ్చుకోవాలి, యార్డులో చూపిస్తే బావ ముక్కు పెట్టి గ్రేడు కూడా వేస్తాడు.