ఆదివారం వాక్యం

మంగళగిరిలో మా వీధి చివరింటి మాస్టారు ఏ సంగతైనా ప్రార్థనలో పెట్టందే అడుగు ముందుకెయ్యరు. భార్యకు ఆపరేషన్ చేయించాలా వద్దా అని డాక్టర్లే తేల్చలేకపోయిన రోజున ఆయన మోకాళ్ల మీద ఉండటం నేను చూశాను. లేచాక ఆ ముఖంలో ఎంత నెమ్మదో! చెయ్యి వణక్కుండా సంతకం పెట్టారు. అలాంటి మనిషి కూతురి సంబంధం దగ్గర నెలల తరబడి నలిగిపోతుంటే నాకు ఆశ్చర్యమేసింది.

అమ్మాయి ఎయిమ్స్‌లో స్టాఫ్ నర్సు. అబ్బాయిదీ అక్కడే ఉద్యోగం, ఒంగోలు వాళ్లు. పెద్దల్ని పంపి పద్ధతిగా అడిగించాడు. రెండూ క్రైస్తవ కుటుంబాలే.

ఆ ఆదివారం గుడిలో వాక్యం చెప్పే వంతు మాస్టారిది. క్లౌ దొర కథ ఎత్తుకున్నారు. అమెరికా బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలు వచ్చాడు. బడి పెడితే ఊళ్లో పై కులాలవాళ్లు పిల్లల్ని పంపారు. ఇంతలో తాళ్లకొండపాడు నుంచి యెర్రగుంట్ల పేరయ్య అనే తోళ్ల వ్యాపారి వెంట మాదిగలు బాప్తిస్మం కోసం కదిలొచ్చారు. ఊరి పెద్దలు తేల్చి చెప్పారు: వాళ్లను చేర్చుకుంటే మేం రాం, మా పిల్లలూ రారు.

ఇక్కడ మాస్టారి గొంతు తగ్గింది. దొర తన గదిలో ఒంటరిగా కూర్చుని ఉన్నాడట. పక్కనున్న కొత్త పుస్తకాల దొంతరలోంచి చేతికందిన బైబిలు తీస్తే కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక, మొదటి అధ్యాయం తెరుచుకుంది. లోకం నీచంగా చూసినవాళ్లనే దేవుడు ఏరుకున్నాడని పౌలు చెప్పే చోటది. భార్య హారియట్ కూడా అప్పుడు వేరేగా అదే చోటు చదివిందట. ఒకరికొకరు చెప్పుకున్నది కాదు. దొర మాదిగల చెయ్యి వదల్లేదు. పై కులాల పిల్లలు బడి వదిలి వెళ్లిపోయారు.

కాకతాళీయం అనేవాళ్లుంటారు. పేజీ అలా తెరుచుకోవడం ఎవరికైనా జరగొచ్చు. పిల్లలు వెళ్లిపోయిన బడిలో మర్నాడు గొంతు పెంచకుండా నిలబడాలంటే మాత్రం పైనుంచి బలం అందాలి. నేనది నమ్ముతాను. ఆ తర్వాత 1876-78 కరువులో, జనం తిండి కోసం వస్తున్నారేమోనని ఆయన బాప్తిస్మాలే ఆపేశాడు. కరువు గట్టెక్కాక, 1878 జులై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది!

ఆ అంకె చెబుతూ మాస్టారు కళ్లు తుడుచుకున్నారు. మేమూ తుడుచుకున్నాం.

సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. మాస్టారి తల్లి వసారాలో చేట ముందేసుకుని ఎండుమిరపకాయల తొడిమలు తీస్తోంది. ఆ ఘాటుకి నాకు దగ్గొస్తోంది, ఆమె వేళ్లు ఆగట్లేదు. అమ్మాయి గుమ్మంలో నిలబడి ఉంది.

"అబ్బాయి బుద్ధిమంతుడే, వంక పెట్టడానికేం లేదు," అన్నారు మాస్టారు. "కానీ వాళ్లు ఒంగోలు బాప్టిస్టులు."

ఆ ఒక్క మాటలో అంతా ఉంది. గుంటూరు వైపు మా లూథరన్లలో మాలలు ఎక్కువ, ఒంగోలు వైపు బాప్టిస్టుల్లో మాదిగలు ఎక్కువ. ఇక్కడ సంఘం పేరు చెబితే చాలు, కులం అడగనక్కర్లేదు. ఒకే రొట్టె విరిచి పంచుకునేవాళ్లు పెళ్లి మాటెత్తేసరికి విడిపోవడం చూసి చూసి నా మనసు విరిగింది.

"మా బావమరుదులు తెగేసి చెప్పారు. ఆ ఇంటి పిల్లాణ్ని చేసుకుంటే మీ గడప తొక్కం అని," మాస్టారు తలొంచుకున్నారు. "అయినవాళ్లందర్నీ వదులుకోమని దేవుడంటాడా? ఎంత ప్రార్థించినా నాకు జవాబు రావట్లేదమ్మా."

ముసలావిడ తొడిమ తీసిన కాయని పక్కన పెట్టింది.

"పొద్దున నువ్వు చెప్పిందాంట్లో దొరతో అట్టాగే అన్నారుగా, వాళ్లను చేర్చుకుంటే మేం రామని?"

"అవునమ్మా."

"అట్టా అన్నవాళ్లు బాప్తిస్మం తీసుకున్నవాళ్లు కాదు కదరా, అబ్బాయ్."