పోర్టుల నామకరణ శాస్త్రం

మోరిస్‌విల్‌లో హార్డ్‌వేర్ ఉద్యోగంలో కొత్తగా చేరావు కదా నాయనా, నీ డబ్బా రేపు రేడియో రొద కొలిచే ఈఎంసీ ల్యాబుకు వెళ్తోందట. ఫిల్టర్లూ ఫెర్రైట్లూ అంటూ రాత్రంతా మేలుకోకు. ఏ పోర్టు ఏ రకమో నింపాల్సిన ఫారం ఒకటిస్తారు. అసలు ఇంజనీరింగ్ అక్కడ చూపించు.

ముందు ఈథర్‌నెట్. ఆ రొదకు హద్దులు గీసే అంతర్జాతీయ ప్రమాణం సిస్పర్ 32 లెక్కలో అది వైర్డ్ నెట్‌వర్క్ పోర్టు. 150 కిలోహెర్ట్జ్ నుంచి 30 మెగాహెర్ట్జ్ దాకా ఆ కేబుల్ మీదికి ఎంత రొద ఎక్కుతోందో కొలుస్తారు. అందుకని "కన్సోల్" అని రాసెయ్. దానికీ అదే ఆర్‌జే45 సాకెట్టేగా! సాకెట్టు ఆకారం కాదు, తీగ అవతలి కొస ఎక్కడికి పోతోందో చూడాలట: పక్క బల్ల మీది లాప్‌టాప్‌కా, భవనమంతా పాకిన నెట్‌వర్కుకా అని. పొడుగాటి తీగ యాంటెన్నా అయి కూర్చుంటుందని వాళ్ల దిగులు.

ల్యాబువాళ్లు ఒప్పుకోలేదా? ఈ కేబుల్ 3 మీటర్లు దాటదని మాన్యువల్లో రాయి, ఆ కొలతే తప్పుతుంది. 15 మీటర్ల కేబుల్ మాత్రం అదే అట్టపెట్టెలో పెట్టు. కస్టమరు సంతోషం ముఖ్యం.

అడాప్టర్ ఇంట్లో వదిలేసి వెళ్లు. "మాది 12 వోల్టుల డీసీ సార్, గోడకూ మాకూ సంబంధం లేదు" అను. సొంత అడాప్టర్‌తో అమ్మే వస్తువును దానితో కలిపే, ఏసీ పరికరంగానే పరీక్షించాలని రూలుంది. చవక అడాప్టర్లలోని స్విచింగ్ రొదే కదా చాలామందిని ముంచేది! ల్యాబులోని మంచి బెంచి సప్లై అడిగి పెట్టించుకో.

అప్పటికీ గట్టెక్కకపోతే క్లాస్ ఏ ఉంది. ఇళ్లలో వాడే వస్తువుకు క్లాస్ బి: 30 నుంచి 230 మెగాహెర్ట్జ్ మధ్య, 10 మీటర్ల దూరంలో, మీటరుకు 30 డీబీ మైక్రోవోల్టులే హద్దు. ఏ అయితే 40. నీది ఉయ్యాల మీద తగిలించే కెమెరా అయినా సరే, "డేటా సెంటర్లకు మాత్రమే" అని స్టిక్కరు కొట్టు. ఇళ్లలో రేడియోకు అంతరాయం రావచ్చన్న హెచ్చరిక తప్పదు కాబట్టి చివరి పేజీలో, చీమతలకాయంత అక్షరాల్లో.

ఇక అమెరికావాళ్ల రూలు, ఎఫ్‌సీసీ పార్ట్ 15. అది తీగల మీది రొదను మెయిన్స్ వైపే కొలవమంటుంది, ఈథర్‌నెట్ ఊసెత్తదు. మీ ఊళ్లోనే అమెరికా ప్రధాన కార్యాలయం పెట్టుకున్న లెనోవో లాంటివాళ్లు దేశదేశాలకూ అమ్మాలి గనక అన్నీ కొలిపించుకోక తప్పదు, పాపం. నువ్వు ఎఫ్‌సీసీ రిపోర్టుకే కొత్త అట్ట వేసి యూరప్‌కు పంపించు. ఏఎం రేడియోలో బుసబుస వినిపిస్తోందని అక్కడి కస్టమరెవరైనా రాస్తే, రేడియో మార్చుకోమను.