ఫోర్‌కే పెళ్లిళ్లు, నలభై సాకులు

ఖమ్మం వైరా రోడ్డు నుంచి భద్రాచలం బ్రిడ్జి దాకా, అక్కణ్నుంచి దుమ్ముగూడెం, చర్ల దాకా ఏ స్టూడియో ఫ్లెక్సీ చూసినా ఒకటే నినాదం: ఫోర్‌కే. తొందర ఎక్కువైన కొందరు ఎయిట్‌కేకి కూడా వెళ్లిపోయారు. పన్నెండు కే కావాలనే పెళ్లికూతురి తండ్రి ఇంకా తగల్లేదు గానీ, తగిలితే ఆ ప్యాకేజీ కూడా సిద్ధమే.

ఫోర్‌కే అంటే అడ్డంగా 3840, నిలువుగా 2160, మొత్తం 83 లక్షల చుక్కలు. ఫుల్ హెచ్‌డీలో ఉండేవి 21 లక్షలు. నాలుగింతల తేడా. ఆ చుక్కల్ని కెమెరా పట్టుకుంటే అది నిజంగా ఫోర్‌కేనే, అలా తీసేవాళ్లూ ఉన్నారు, వాళ్లకు దండం. మిగతావాళ్ల పద్ధతి వేరు. కెమెరా పాత ఫుల్ హెచ్‌డీదే. ఎక్స్‌పోర్ట్ పెట్టెలో 1920 చెరిపేసి 3840 కొడతారు. సాఫ్ట్‌వేర్ ఒక్కో చుక్కను సాగదీసి నాలుగు చేస్తుంది. పలచటి మజ్జిగలో చెంబెడు నీళ్లు పోసి గిన్నె నిండిందని మురిసినట్టు. దానికి రేటు వేరే.

బొమ్మ మసగ్గా ఉందేంటని అడిగి చూడండి. “బిట్‌రేట్ పెంచి ఇస్తా సార్” అంటాడు. పెంచుతాడు కూడా, పాపం! సెకనుకు 100 మెగాబిట్లు. గంటకు 45 జీబీ, మూడు గంటల పెళ్లికి 135 జీబీ. ఉన్న వివరం చెడిపోకుండా కాయడం వరకే బిట్‌రేట్ పని. కెమెరా చూడని జరీ అంచును అది ఎక్కణ్నుంచి నేసి తెస్తుంది? పైగా ఇచ్చే పెన్‌డ్రైవ్ ఫ్యాట్ 32 పద్ధతిలో ఫార్మాట్ చేసి ఉంటుంది. అందులో ఒక ఫైలు 4 జీబీ దాటకూడదు. ఈ బిట్‌రేట్‌కి ఆరు నిమిషాలైనా పట్టదు, అంటే విఘ్నేశ్వర పూజతోనే పెళ్లి ఆఖరు.

అప్పుడు కన్వర్టర్ దిగుతుంది. హెచ్.264 ఫైలును హెచ్.265 చేస్తారు, ఆడకపోతే దాన్ని మళ్లీ వెనక్కి మారుస్తారు. మార్చిన ప్రతిసారీ కొంత బొమ్మ పోతుంది, పోయింది తిరిగి రాదు. ఎక్కువ రంగులుంటాయని పది బిట్లు, 4:2:2 పెట్టి ఇచ్చారా, చాలా ఇళ్లలోని టీవీలు దాన్ని అసలు తెరవనే తెరవవు. అందుకూ ఒక సాకు ఉంది: “మీ టీవీ పాతది సార్, మార్చేయండి.”

ఫోన్‌తో తీసిన ముక్కలు కలిపితే ఇంకో వినోదం. ఫోన్ సెకనుకు 30 ఫ్రేములు తీస్తుంది, మన టైమ్‌లైన్ 25. ఆరింట ఒక ఫ్రేము ఎగిరిపోతుంది. కొమ్ము నృత్యం చేస్తున్న కోయ యువకులు నడుస్తూ నడుస్తూ ఉలిక్కిపడతారు. ఫోన్ ఆ 30 అయినా నిలకడగా తీయదు. దాన్ని ముందే స్థిరమైన ఫ్రేమ్‌రేట్‌కి మార్చుకోకపోతే శబ్దం మెల్లగా వెనకబడుతుంది. తాళి కట్టేశాక తీరిగ్గా గట్టిమేళం మోగుతుంది.

అన్నిటికన్నా దారుణం పాత మినీడీవీ క్యాసెట్ల ‘ఏఐ ఫోర్‌కే రీమాస్టర్’. ఆ టేపులో ఉన్నది 720 బై 576, అదీ సరి గీతలు ఒకసారి, బేసి గీతలు ఒకసారి. ఆ ఒక్కో గీతల జట్టే ఒక ఫీల్డు. డీవీలో కింది ఫీల్డు ముందు వస్తుంది, హెచ్‌డీలో పై ఫీల్డు. ఎడిటర్ హెచ్‌డీ ప్రాజెక్టు అలవాటులో ఫీల్డ్ ఆర్డర్ తిప్పేశాడా, తలంబ్రాలు కిందికి జారుతూనే కాస్త పైకి లేచి మళ్లీ పడుతూ వణుకుతుంటాయి. నాలుగుకు మూడు బొమ్మను వెడల్పు టీవీకి సాగదీస్తే పెళ్లికొడుకు పీటల మీదే ఒళ్లు చేస్తాడు. ఇక ఏఐ. దానికి ముడత అంటే పడదు. అమ్మమ్మ ముఖాన్ని నున్నగా తోమేస్తుంది, నుదుటి పచ్చబొట్టును మచ్చ అనుకుని తుడిచేసినా దిక్కులేదు. ఆ తెరమీద ఉన్నావిడ ఎవరో ఇంట్లోవాళ్లే చెప్పలేరు. దీన్ని పునరుద్ధరణ అంటున్నారు! నేనైతే దొంగతనం అంటాను.

చేయాల్సిన పని చిన్నది. తీసిన సైజులోనే, తీసిన ఫ్రేమ్‌రేట్‌లోనే ఇవ్వండి. టీవీ కోసమైతే హెచ్.264, ఎనిమిది బిట్లు, ఫుల్ హెచ్‌డీకి 16 మెగాబిట్లు సరిపోతాయి. గంటకు 7 జీబీ చిల్లర. పెన్‌డ్రైవ్‌ను ఎక్స్‌ఫ్యాట్ చేయండి. మొత్తం ఎక్స్‌పోర్ట్ కొట్టేముందు అర నిమిషం తలంబ్రాల ముక్క తీసి, పెళ్లివారి టీవీలోనే ఆడించి చూడండి. కానీ ఇందులో ఫ్లెక్సీ మీద రాసుకోవడానికి ఏమీ లేదు, అదే చిక్కు.

కాబట్టి పెళ్లివారూ, ఎడిట్ చేసిన ఫైలు ఒక్కటే తీసుకుని ఇంటికి రాకండి. కెమెరా కార్డుల్లోని ఒరిజినల్ ఫైళ్లన్నీ మీ హార్డ్‌డిస్కులోకి ఎక్కించమనండి. అవి తెరిచి చూసుకున్నాకే బ్యాలెన్స్ డబ్బులు ఇవ్వండి.