సీలు లేని మీటరు: రవాణా కమిషనరు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ తెలంగాణ రాష్ట్ర రవాణా కమిషనరు గారి దివ్యసముఖమునకు, అబిడ్స్ జనరల్ పోస్టాఫీసు పరిసరములలో చిరకాలముగా కాపురముండి, కారుగాని స్కూటరుగాని లేక, కిరాయి బండ్లనే నమ్ముకొనియున్న పౌరుడొకడు నమస్కారపూర్వకముగా విన్నవించుకొనునది.

ఆర్యా! ప్రజల జేబులను ప్రభుత్వము ఎంత జాగ్రత్తగా కాపాడుచున్నదో తెలియగోరువారు ఆటోరిక్షా మీటరును చూచిన చాలును. తూనికలు, కొలతల శాఖవారు దానిని పరీక్షించి, ఎంత దూరమునకు ఎన్ని రూపాయలు పడవలెనో సరిచూచి, తీగ చుట్టి సీలు వేయుదురు. ఆ సీలు చెదరినదా, డ్రైవరు నేరస్థుడగును. ఇన్ని రాజలాంఛనములతో ఊరేగు ఆ మీటరు, నాంపల్లి స్టేషను ముంగిట వరుసగా నిలిచిన ఆటోలలో ఏ ఒక్కదానిలోనైనను తిరుగగా చూచి చాలకాలమైనది. అందులకు డ్రైవరును నిందింపలేను. 2014లో నిర్ణయింపబడిన రేటు మొదటి 1.6 కిలోమీటర్లకు 20 రూపాయలు, ఆపై కిలోమీటరుకు 11 రూపాయలు. నేటి ఇంధనపు ధరలలో ఆ రేటుకు బండి నడుపుమని అడుగుటకు నాకు నోరు రాదు. కాబట్టి స్థితి యిట్లున్నది: సీలున్న మీటరు తిరుగదు; తిరుగుచున్న మీటరుకు సీలు లేదు. ఈ లేఖ ఆ రెండవ మీటరును గూర్చి.

అది ఎక్కడున్నదని తమరు అడుగవచ్చును. నేనును అదియే అడుగుచున్నాను. కిరాయి బండ్లను పిలుచు యాపులలో, ప్రయాణికుని ఫోనున కనబడునది అంకె మాత్రమే; ఆ అంకెను పుట్టించు లెక్క ఏ సూత్రముపై నడచునో, ఒక నిమిషమున ఒక మాటయు మరునిమిషమున మరియొక మాటయు ఏల చెప్పునో కనుగొనుటకు కొలతల శాఖవారి వద్ద బల్లయు లేదు, ఇన్‌స్పెక్టరును లేడు. జనవరి 1న మొదలగు నాంపల్లి నుమాయిష్ ప్రదర్శన దినములలో, ఏ ఆదివారము రాత్రియైనను తమరు మారువేషమున అజంతా గేటు యెదుట ఒక్క అరగంట నిలువుడు. కాశ్మీరు శాలువల సంచి ఒక చేతను, నిద్రపోవుచున్న పిల్లవానిని భుజమునను మోయుచు ఒక గృహస్థుడు తన ఫోను చూచును. ఇల్లాలు తన ఫోను చూచును. బావమరది తన ఫోను చూచును. మూడింటిలో మూడు ధరలు పలికిన పిదప, మువ్వురును కలిసి గాంధీభవన్ మెట్రో మెట్లవైపు నడచిపోవుదురు. ఫోను ఏ కంపెనీదో కనిపెట్టి ధర మార్చుచున్నారన్న ఆరోపణపై 2025 జనవరిలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఓలా, ఉబర్ కంపెనీలకు నోటీసులిచ్చినది; అట్టిదేమియు లేదని వారు సెలవిచ్చిరి. సీలున్న పెట్టె విషయమైనచో అది నిజమో కాదో ఒక గంటలో తేలియుండెడిది.

ధర కుదిరినదనుకొందము. ఓటీపీ వచ్చును, పటములో బండిబొమ్మ కదలును, అంతలో ఫోను మ్రోగును. ‘కిదర్ జానా సాబ్?’ అని ప్రశ్న. గమ్యము యాపులోనే ఉన్నదిగదా యనిన, ‘క్యాషా, ఆన్‌లైనా?’ అని రెండవ ప్రశ్న. ఆన్‌లైన్ అని నోరు జారితిమా, ‘మీరే క్యాన్సిల్ కొట్టేయండి సార్’ అని సౌమ్యముగా పలికి, ఆ మహానుభావుడు జగదీశ్ మార్కెట్టు మలుపున తన బండిబొమ్మను శిలావిగ్రహము గావించును. క్యాన్సిల్ కొట్టినవానికి రుసుము పడును. కొట్టనివానికి రైలు తప్పును. ఇదంతయు చూచి డ్రైవరే దోషియని తీర్మానించుట సులభము గాని, 2024 ఏప్రిల్‌లో ఇదే నగరమున క్యాబు డ్రైవర్లు ‘నో ఏసీ’ ఉద్యమము నడిపినప్పుడు వారి సంఘము చెప్పిన లెక్క వేరు: ఏసీతో బండి నడుపుటకు కిలోమీటరుకు 16 నుండి 18 రూపాయల ఖర్చు, చేతికి వచ్చునది 10 నుండి 12. వెనుక సీటున చెమటోడ్చువాడును, ముందు సీటున నష్టపోవువాడును ఒకరినొకరు తిట్టుకొనుచుండగా, ధర నిర్ణయించినవాడు ఆ బండిలోనే లేడు.

బండిలో లేనివాడు బాధ్యుడగునా కాడా యన్నదే, ఆర్యా, లోకమంతట నడచిన వ్యాజ్యము. మేము రవాణాదారులము కాము, ప్రయాణికుని డ్రైవరుతో కలుపు సాంకేతిక మధ్యవర్తులము మాత్రమేనని కంపెనీల వాదము. 2017 డిసెంబరులో ఐరోపా న్యాయస్థానము ఆ వాదమును త్రోసిపుచ్చి, ఇది రవాణా సేవయేయని తీర్పు చెప్పినది. 2021 ఫిబ్రవరిలో బ్రిటను సుప్రీంకోర్టు, ఛార్జీ నిర్ణయించునది కంపెనీయే యన్న సంగతిని ఒక ముఖ్యాధారముగా గైకొని, ఉబర్ డ్రైవర్లకు కార్మికుల హక్కులు కలవనినది. మన దేశమున ఒక న్యాయవాది పోటీ చట్టము క్రింద ఈ ధరల లెక్కనే ప్రశ్నింపగా, డ్రైవర్లు కుమ్మక్కైరనుటకు ఆధారము లేదని పోటీ కమిషను 2018లో కొట్టివేసినది. 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ నిర్ణయమునే నిలిపినది. అనగా ఆ తలుపు మూసికొనిపోయినది. మిగిలినది తమ తలుపే.

ఆ తలుపునకు తాళపుచెవి 2019లోనే తయారైనది. మోటారు వాహనముల చట్టము 93వ సెక్షనును సవరించి, అగ్రిగేటర్లనబడు ఈ యాపు కంపెనీలు రాష్ట్ర ప్రభుత్వపు లైసెన్సు లేనిదే వ్యాపారము చేయరాదని పార్లమెంటు శాసించినది. లైసెన్సు లేక నడిపినచో జరిమానా 25,000 రూపాయలకు తగ్గకుండ, లక్షకు మించకుండ! ఒక్క నుమాయిష్ రాత్రి రాబడిలో ఈ మొత్తము ఏ మూలకు చాలునో తమరే ఊహించుకొందురుగాక.

మరి ప్రయాణికునకు దిక్కెవరు? ఇక్కడనే, నాంపల్లి ఎం.జె. రోడ్డున చంద్రవిహార్ భవనములో వినియోగదారుల కమిషనులున్నవి. 2021 అక్టోబరులో ఓలా క్యాబు ఎక్కి, అపరిశుభ్రతయు ఉక్కయు భరింపలేక నాలుగైదు కిలోమీటర్లకే దిగిపోయిన ఒకాయనకు 861 రూపాయల బిల్లు వచ్చినది. ఆయన పట్టు విడువక ఫిర్యాదు చేయగా, ఆ సొమ్ము వడ్డీతో తిరిగి యిచ్చుటయేగాక, పరిహారమును ఖర్చులును కలిపి 95,000 రూపాయలు చెల్లింపుడని హైదరాబాదు జిల్లా కమిషను కంపెనీని ఆదేశించినది. వినుటకు ఇంపుగానున్నది. అయితే నలుబది రూపాయల క్యాన్సిల్ రుసుముకొరకు వకాల్తా వ్రాయించువాడెవడు? ఆ నలుబదులు కోట్లుగా పోగగుట కంపెనీకి తెలియును, మనకు తెలియదు.

బైకు టాక్సీల సంగతి వేరుగా వ్రాయవలసినంత యున్నది. ఒక్క ముక్కతో సరిపెట్టెదను. తెల్ల నంబరు పలక బండిపై వెనుక కూర్చున్న విద్యార్థి మొజంజాహీ మార్కెట్టు కూడలిలో పడి కాలు విరుగగొట్టుకొనెనేని, ఇది సొంత వాడకపు పాలసీ, కిరాయికి వర్తింపదని బీమా కంపెనీయు, మేము మధ్యవర్తులమని యాపు కంపెనీయు అనవచ్చును. నడిపినవాడు సయితము అదే ఆసుపత్రిలో, ప్రక్క మంచముననే యుండును.

కేంద్రమువారు 2025 జూలైలో క్రొత్త మార్గదర్శకములు ప్రకటించి, మూడు నెలలలో వానిని స్వీకరింపుడని రాష్ట్రములకు సూచించిరి. అందు మంచి లేకపోలేదు: ఛార్జీ రద్దీ వేళ మూలధరకు రెట్టింపు దాటరాదు, ఎప్పుడును అందులో సగమునకు తగ్గరాదు, సొంత బండి నడుపు డ్రైవరునకు ఛార్జీలో కనీసము 80 శాతము చేరవలెను, కారణము లేక రద్దు చేసినవాడు, డ్రైవరైనను ప్రయాణికుడైనను, ఛార్జీలో 10 శాతము, గరిష్ఠముగా 100 రూపాయలు కట్టవలెను. కాని రెట్టింపు అనగా దేనికి రెట్టింపు? మూలధరను ప్రకటించు అధికారము రాష్ట్రమునకిచ్చిరి. ఆ అంకె ఒక్కటి ప్రభుత్వపు కాగితముపై లేనిదే తక్కిన శాతములన్నియు గాలిలో కట్టిన మేడలే.

కావున నా ప్రార్థన స్వల్పము. లైసెన్సు పొందిన కంపెనీల పేర్లును, వారి లైసెన్సు నంబర్లును పత్రికలలో ప్రకటింపుడు. ఆటోకు 2014 నాటి రేటు మార్చి, డ్రైవరు బ్రతుకగల రేటు నిర్ణయింపుడు. క్యాబుకును బైకుకును మూలధర ప్రకటింపుడు. ధరల లెక్కను ఏటేట తనిఖీ చేయించి, ఆ తనిఖీ ఫలితమును బయటపెట్టుడు. రాబోవు నుమాయిష్ తలుపులు తెరచులోగా, ఆ మూలధరను, ఫిర్యాదు వినవలసిన అధికారి పేరును, ఫోను నంబరును తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు భాషలలో ఒక బోర్డుపై వ్రాయించి, అజంతా గేటు వద్ద ఒకటియు, నాంపల్లి స్టేషను ముంగిట ఒకటియు పాతించుడు.

ఇట్లు,
తమ విధేయుడు,
అబిడ్స్ నివాసి యొకడు