గోడమీది పూర్వ విద్యార్థి

జనగామలో కాలేజీల కబడ్డీ పోటీలు మొదలయ్యాయని తెలుసుకోవడానికి పేపరు తిరగేయనక్కర్లేదు. మైదానం గోడ మీద ఆయన కనిపిస్తాడు. నలభై దాటిన మనిషి. గేటు బార్లా తీసే ఉంటుంది, లోపల ప్లాస్టిక్ కుర్చీలూ ఉంటాయి, రావద్దనేవాళ్లూ ఎవరూ ఉండరు. అయినా ఆయనకు గోడే కావాలి. కుర్చీలో కూర్చుంటే పక్కనున్న పెద్దమనిషి మర్యాదకు అడిగే మొదటి మాట "మీదే బ్యాచ్ అన్నా?" అని. ఆయనకు బ్యాచ్ లేదు. పదో తరగతి మార్చిలో పోయింది, సెప్టెంబర్లో మళ్లీ పోయింది, ఆ పైన మార్కెట్ యార్డులో దడవాయి దగ్గర పని దొరికింది. డిగ్రీ కాలేజీ మెట్లు ఎక్కింది ఓటేయడానికే.

గోడమీది పిల్లి ఎటైనా దూకుతుందంటారు. ఈ పిల్లి ఒక్కవైపే దూకుతుంది. ఏబీవీ డిగ్రీ కాలేజీ జట్టు దిగిందంటే ఏబీవీ వైపు. కాకతీయ యూనివర్సిటీ అంతర కళాశాలల పోటీలు ఏ ఊళ్లో పెట్టినా సొంత చార్జీలతో అక్కడికి పోయి మళ్లీ అదే వైపు. లింగాలఘనపురం నుంచి వచ్చే రైడర్‌కు మడమ బెణికి ఎన్నాళ్లయింది, దేవరుప్పుల పిల్లగాడు పత్తి ఏరడానికి పోయి ప్రాక్టీసు ఎన్ని రోజులు ఎగ్గొట్టాడు, ఎవరికి ఏ సెమిస్టర్‌లో ఏ పేపరు మిగిలింది, అన్నీ నోటికి వచ్చు. "వానికి పొలిటికల్ సైన్సు పోయింది గని, రైట్ కార్నర్ మాత్రం పోనియ్యడు" అని హామీ కూడా ఇస్తాడు.

ఇదే కాలేజీలో మూడేళ్లు నిజంగా చదివి పట్టా పుచ్చుకున్న మనిషి సంగతి వేరు. ఆయన ఉప్పల్లో ఇల్లు కట్టుకున్నాడు. కాలేజీకి పాతికేళ్లకోసారి, ఆత్మీయ సమ్మేళనానికి వస్తాడు. దానికి ఆర్నెల్ల ముందు వాట్సాప్ గ్రూపు పుడుతుంది. షర్టు ఏ రంగని రెండు నెలలు, మటన్‌తో పాటు చికెన్ కూడానా అని ఇంకో నెల చర్చ నడుస్తుంది. ఆ రోజున రిటైరైన సార్లకు శాలువాలు, మెమెంటోలు, కాళ్లకు దండాలు. పాత క్లాసురూములో హాజరు పిలిస్తే "ప్రెజెంట్ సార్" అంటూ యాభై ఏళ్లవాళ్లకు గొంతు పూడుకుపోతుంది. బగారా అన్నం తిన్నాక వేపచెట్టును పట్టుకొని మళ్లీ ఏడుస్తారు. ఆ చెట్టు పక్కనే ప్రాక్టీసు చేసుకుంటున్న ఇప్పటి జట్టుతో వాళ్లకు జరిగే సంభాషణ మొత్తం ఇదీ: "తమ్ముడూ, జర పక్కకు జరగుండ్రి, డ్రోన్ షాట్ తీస్తున్నరు."

ఆయన కాలేజీని ప్రేమించడన్నానా? ప్రాణమిస్తాడు. కాకపోతే ఆయన ప్రాణమిచ్చే కాలేజీ పాతికేళ్ల కిందటే సెలవులిచ్చి తాళం వేసుకుంది. అందులో మ్యాచులు జరగవు, కాబట్టి ఓటములూ ఉండవు. గోడమీది ఆయనకు ఆ సౌకర్యం లేదు. చెప్పుకోడానికి ఫేర్‌వెల్ లేదు, పాత క్యాంటీన్ లేదు, చివరి బెంచీ ప్రేమకథ లేదు. ఇవాళ రెండున్నరకు పడే మ్యాచే ఆయన కాలేజీ. అది ఓడితే సాయంత్రం ఇంట్లో అన్నం గిన్నె మూత తీసేవాడుండడు.

పట్టా ఉన్నాయన ఎప్పుడైనా మ్యాచుకొస్తే ముఖ్య అతిథిగానే వస్తాడు. ఆటగాళ్లను పరిచయం చేసుకుంటూ వరసగా చేతులు కలిపి, మైకు అందుకొని "మా కాలంలో మట్టిమీద ఆడినం, మోకాళ్లు చెక్కుకుపోయేటియి" అంటాడు. అది నిజమే. కానీ ఆయన ఆట ఆ మట్టిలోనే ఆగిపోయింది. 2014లో ప్రో కబడ్డీ వచ్చి ఇంటింటా టీవీలో మ్యాటు పరిచాక ముప్పై సెకన్ల రైడు, డూ ఆర్ డై ఊరి పిల్లల నోళ్లలో కూడా నానిపోయాయి. ఆయన మాత్రం అంపైరు వేలెత్తిన ప్రతిసారీ ఉలిక్కిపడతాడు. "ఎవ్వడూ ముట్టుకోలే, మరి పిల్లగాడు బయటికెందుకు పోతుండు?" అని పక్కనున్న ప్రిన్సిపాల్‌ను అడుగుతాడు. ప్రిన్సిపాల్‌కూ తెలియదు. జవాబు గోడమీంచి వస్తుంది. "మూడో రైడు సార్! పాయింటు దేకపోతే అవుటే! రెండు సార్లు ఖాళీగ తిరిగొచ్చిండు గదా!" ఆ ఊపులో బోనస్ గీత సంగతి కూడా చెప్పేస్తాడు: అవతల ఆరుగురికి తక్కువ కాకుండా ఉంటేనే బోనసు, ఐదుగురే ఉన్నప్పుడు గీత దాటినా దండగే. ముఖ్య అతిథి తల ఊపుతాడు. మళ్లీ పాతికేళ్ల దాకా ఆ విషయం ఆయనకు అక్కర్లేదు.

ప్రతి టోర్నమెంటులో ఒక రభస ఖాయం. అవతలి జట్టులో మీసాలు బాగా తిరిగిన మనిషొకడు దిగుతాడు. చూస్తే ఇద్దరు పిల్లల తండ్రిలా ఉంటాడు. అంతే, మన మనిషి గోడ దూకి స్కోరర్ బల్ల మీద రెండు చేతులూ ఆనిస్తాడు.

"సార్, గా మీసాలాయన ఏ ఇయరు? బోనఫైడ్ సూపియ్యుమను. బయటోళ్లను దించి ఆడిస్తరా?"

అవతలి ఫిజికల్ డైరెక్టర్ నిదానంగా ఎలిజిబిలిటీ ఫారం తీస్తాడు. మీసాలాయన బీఏ సెకండియర్, వయసు ఇరవై రెండు, ఫొటోలో కూడా అవే మీసాలు. ఫారం మడిచి జేబులో పెట్టుకుంటూ డైరెక్టర్ అడుగుతాడు: "అవునన్నా, ఇంతకీ నీ బోనఫైడ్ ఏది?"

గ్రౌండంతా చెవులు రిక్కిస్తుంది. మన మనిషి మాత్రం తడుముకోడు. "నేను ఆడుతలేను గదా సార్, అరుస్తున్న. అరిసెటోనికి ఎలిజిబిలిటీ ఏంది?"

మళ్లీ గోడెక్కుతాడు.

ఆటగాళ్లను పట్టుకొచ్చే పని కూడా ఆయనే నెత్తినేసుకున్నాడు. ఇంటర్ చదివే పిల్లగాడు ఊరి బొడ్రాయి దగ్గర నలుగురిని ఈడ్చుకుంటూ గీత తాకాడని తెలిస్తే చాలు, మర్నాడు వాళ్లింటి అరుగు మీద ఉంటాడు. పూర్వం నేరుగా కాలేజీకి తీసుకుపోయి దరఖాస్తు నింపిస్తే సరిపోయేది. 2016 నుంచి డిగ్రీ సీట్లన్నీ 'దోస్త్' ఆన్‌లైన్‌లోకి పోవడంతో ఈ వయసులో వెబ్ ఆప్షన్లు నేర్చుకోవాల్సి వచ్చింది. మీసేవ కేంద్రంలో పిల్లగాడి పక్కన స్టూలు వేసుకొని కూర్చుంటాడు.

"ఫస్ట్ ఆప్షన్ మనదే పెట్టు. రెండోది అసలు పెట్టకు."

"అన్నా, నాకు బీకాం కంప్యూటర్స్ గావాలె."

"కంప్యూటర్ల కబడ్డీ ఉంటదారా?"

పట్టా ఉన్న పెద్దమనిషి తన కొడుకుని ఎక్కడ చేర్చాడో అడక్కండి. హైదరాబాద్‌లో నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్లో నడిచే కాలేజీలో చేర్చాడు. అక్కడ గ్రౌండంటే సెల్లార్ పార్కింగే.

ఇక మానుకోట. మహబూబాబాద్ అని బోర్డుల మీద రాసినా, అరిచేటప్పుడు మానుకోటే. ఇక్కడి అభిమాని గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కి జనగామకైనా కాజీపేటకైనా జట్టు వెనకాలే దిగుతాడు. 2016 అక్టోబర్ 11 దాకా జనగామ, మానుకోట, భూపాలపల్లి అన్నీ వరంగల్ జిల్లాయే కాబట్టి ఓడినా ఇంటి గొడవ అనుకునేవాళ్లు. ఇప్పుడు ఎవరి కలెక్టరు వాళ్లకున్నాడు. అందులోనూ జనగామది ముసాయిదాలో పేరు లేకపోతే కొట్లాడి తెచ్చుకున్న జిల్లా. వాళ్లతో పాయింటు తేడాతో ఓడితే మానుకోటాయన తిరుగు రైల్లో కిటికీ వైపే చూస్తాడు.

మానుకోటలో నన్ను ఎక్కువ ఆకట్టుకున్నది మాత్రం పట్టా ఉన్నాయనే. అక్కడి కాలేజీలోనే డిగ్రీ చదివాడు, ఎన్టీఆర్ స్టేడియానికి కూతవేటు దూరంలో ఇల్లు, ఒక్క మ్యాచూ చూడలేదు. కొడుకు డల్లాస్‌లోని టెక్సస్ యూనివర్సిటీలో ఎంఎస్ చేస్తున్నాడు. పోయిన సంక్రాంతికి కొడుకు పంపిన టోపీ బనీను, అదే హూడీ, ఆయన మే నెల ఎండలో కూడా విప్పడం లేదు. మానుకోట మే నెల ఎండ! చెమటలు కారుతున్నా గుండెల మీద యూనివర్సిటీ పేరు కనబడాలి. అమెరికన్ ఫుట్‌బాల్ వీడియోలు చూసి నాలుగు ముక్కలు నేర్చుకొని ఒకరోజు వీడియో కాల్‌లో అడిగాడు: "ఈసారి మన టీం ఎట్లుంది బిడ్డా?"

"డాడీ, మా యూనివర్సిటీకి ఫుట్‌బాల్ టీమే లేదు. చెస్‌కు ఫేమస్. చెస్ ఆడెటోళ్లకు స్కాలర్‌షిప్పులు గూడ ఇస్తరు."

ఆయన కాసేపు ఆలోచించాడు. "చెస్‌ల కూత ఉండది గదా?"

"ఉండది డాడీ."

హూడీ మాత్రం విప్పలేదు. ఇంటి పక్క కాలేజీకి అతిథి, దాదాపు తొమ్మిది వేల మైళ్ల అవతలి కాలేజీకి గోడమీది పిల్లి. మనిషన్నాక ఎక్కడో ఒక గోడ ఎక్కక తప్పదేమో. ఆ దేశంలో ఈ జాతి వందేళ్ల నాడే ఉంది. 1920ల్లో ఇండియానాలోని నోటర్‌డేమ్ జట్టు న్యూయార్క్ వచ్చి ఆర్మీ జట్టుతో తలపడితే, కాలేజీ ముఖమే చూడని ఐరిష్ కూలీలూ గుమాస్తాలూ సబ్‌వే రైళ్లెక్కి వెళ్లి గొంతులు చించుకునేవాళ్లు. పేపర్లవాళ్లు వాళ్లకు సబ్‌వే పూర్వ విద్యార్థులని పేరు కూడా పెట్టారు. మన గోల్కొండ బ్యాచికి ఆ గౌరవం ఇంకా దక్కలేదు.

భూపాలపల్లికి రైలు లేదు, బొగ్గు ఉంది. ఇక్కడి అభిమాని బాయి కార్మికుడు. కొత్తగూడెంలోనో బెల్లంపల్లిలోనో పుట్టి, కేటీకే గనులకు బదిలీ మీద వచ్చినవాడు. ఊరే తనది కానివాడికి కాలేజీ తనది కావడం ఓ లెక్కా? ఇంక్లైన్‌లో హాలేజీ మోత మీదుగా అరిచి అరిచి సానబట్టిన గొంతు అది. అంబేడ్కర్ స్టేడియంలో ఈ చివర "పట్టు!" అంటే ఆ చివర రైడర్ తనకే చెప్పారేమోనని ఒక అడుగు వెనక్కి వేస్తాడు. నైట్ షిఫ్టు దిగి నేరుగా వచ్చిన రోజున మొదటి సగం అరిచి, విరామంలో గుర్రుపెట్టి, రెండో సగానికి తనంతట తానే లేస్తాడు. ఫైనల్ ఆదివారం పడిందంటే ఇంట్లో యుద్ధమే. ఆ రోజు బాయికి పోతే ప్లే డే, డబుల్ జీతం. "మ్యాచుకు పోతే కాలేజోళ్లు మస్టర్ ఏస్తరా?" అని భార్య అడుగుతుంది. న్యాయమైన ప్రశ్నే. జవాబు లేదు, అందుకే చెప్పులు చేతబట్టుకొని పెరటి దారిన పోతాడు.

గెలిచిన రోజు చూడాలి ఈ ముగ్గుర్నీ. కప్పు పట్టుకొని జట్టు నిలబడుతుంది. అటు ప్రిన్సిపాల్, ఇటు ఫిజికల్ డైరెక్టర్, మధ్యలో జెర్సీలు ఇప్పించిన పూర్వ విద్యార్థి. ఆ జెర్సీల మీద కాలేజీ పేరు కన్నా ఆయన బ్యాచ్ నంబరే పెద్దది. గోడమీది ఆయన్ను రమ్మని పిల్లలు చెయ్యి పట్టి గుంజితే "వద్దుర, నా అంగి మాసింది" అంటాడు. మర్నాడు జిల్లా పేజీలో ఫొటో పడుతుంది, కింద పేర్ల వరస, ఆఖర్న "తదితరులు పాల్గొన్నారు" అని ఉంటుంది. టీ కొట్టు దగ్గర ఆ పేపరు అడిగి తీసుకొని, ఆ ముక్క వరకు చింపి, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుంటాడు. తన పేరేదని ఎవరైనా ఎకసెక్కం చేస్తే తదితరుల మీద వేలు పెట్టి చూపిస్తాడు.

ఆ వెంటనే ఫిజికల్ డైరెక్టర్‌కు ఫోన్ చేస్తాడు. "సార్, ఖోఖో డ్రా ఎప్పుడు తీస్తరు? ఆడపిల్లల టీంల ఇద్దరికి బూట్లు లెవ్వు, యాదుందా?"