పొగచూరిన కెమెరాకు సంప్రోక్షణ విధానం

పాత కెమెరా కొన్నవారు, కొనబోయేవారు, కొని ఇంకా ఇంట్లో చెప్పనివారు ఈ విధానాన్ని శ్రద్ధగా ఆచరించగలరు.

సంకల్పం

పాత కెమెరా బేరం ఎప్పుడూ ఫోన్లోనే ముగించాలి. ఫొటోలో గీతలు కనిపిస్తాయి, వాసన కనిపించదు. నేను కొన్నది నికాన్ డి90, దాంతోపాటు 18-105 లెన్సు. 2008 ఆగస్టులో వచ్చిన మోడలు. వీడియో తీయగల మొదటి డీఎస్సెల్లార్ అన్న పేరు దానిదే. అదే ఏడాది అక్టోబరు 2 నుంచి బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగడం దేశమంతటా నిషేధించారు. ఆ కబురు నా కెమెరా దాకా చేరినట్టు లేదు.

"డాక్టరు గారు వాడింది సార్, సింగిల్ హ్యాండ్" అన్నాడు అమ్మినాయన. మన దగ్గర అమ్మకానికొచ్చే కార్లు, కెమెరాలు, ట్రెడ్‌మిల్లులు అన్నీ డాక్టర్లు వాడినవే. మరి వాళ్ళు రోగుల్ని ఎప్పుడు చూస్తారో తెలియదు. పైగా బ్యాగు ఉచితం అన్నాడు.

పుచ్చకాయను తట్టి చూస్తాం. చేపను మొప్పలెత్తి చూస్తాం. నెయ్యిని చేతికి రాసుకుని వాసన చూస్తాం. వేలు పోసే కెమెరాను ముక్కు దగ్గర పెట్టుకోవడానికి మాత్రం మొహమాటపడతాం. ఆ మొహమాటాన్ని చివరిదాకా నిలుపుకోవాలి. అది లేనివాళ్ళకు ఈ వ్రతంతో పనిలేదు.

ఇంటికొచ్చి వ్యూఫైండర్‌కు కుడికన్ను ఆనించాను. అప్పుడు ముక్కు సరిగ్గా వెనక తెర మీద ఆనుతుంది. ఒక్క పీల్పుతో దాని పూర్వాశ్రమం మొత్తం తెలిసిపోయింది: తెల్లవారుజాము ముహూర్తం, ఫంక్షన్ హాలు వెనక జనరేటరు, దాని పక్కన నిద్ర ఆపుకోవడానికి ఒకటి వెలిగించిన పెళ్ళి ఫొటోగ్రాఫరు.

సామగ్రి

వంటసోడా, బియ్యం, తెల్ల వెనిగర్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మెత్తటి గుడ్డలు, యాక్టివేటెడ్ చార్‌కోల్, మూత బిగువైన డబ్బా, సాంబ్రాణి, కాఫీ పొడి. వీటితోపాటు మీది కాని ముక్కు ఒకటి. దీని అవసరం చివర్లో వస్తుంది.

సూర్య నమస్కారం

ముందుగా కెమెరాను డాబా మీద, వడియాల పక్కన, మే నెల మిట్టమధ్యాహ్నం ఎండలో పెట్టండి. వేడికి వాసన ఇంకా బాగా విచ్చుకుంటుంది. లెన్సులోపలి గ్రీజు పలచబడి, నూనె మెల్లగా అపర్చర్ రేకుల మీదికి పాకుతుంది. దాంతో సిగరెట్ వాసన సమస్య కాస్తా లెన్సు మరమ్మతు సమస్యగా మారుతుంది. పెద్ద గీత గీస్తే చిన్న గీత కనిపించదు కదా. నీడపట్టున, గాలి ఆడేచోట నాలుగైదు రోజులు ఉంచవచ్చని కొందరు తెలిసినవాళ్ళు అంటారు. అంత ఓపిక ఉంటే మనం పాత కెమెరా ఎందుకు కొంటాం, డబ్బు కూడబెట్టి కొత్తదే కొనేవాళ్ళం.

అన్నప్రాశన

ఫోను నీళ్ళలో పడినా బియ్యమే, కెమెరా కంపు కొట్టినా బియ్యమే. డబ్బాలో బియ్యం పోసి కెమెరాను పూడ్చండి. బియ్యప్పిండి ప్రతి బటను సందులోకీ దిగుతుంది. ఆ బియ్యాన్ని పారేయడానికి మనసొప్పదు కాబట్టి పులిహోర చేయించండి. మా ఇంట్లో ఆ రోజు తిన్నవాళ్ళు ఇంగువ ఎక్కువైందన్నారు. నేను కాదనలేదు.

అభిషేకం

పొగలోని తారు, నికోటిన్ జిగటగా అంటుకుంటాయి. గ్రిప్పు రబ్బరు, స్ట్రాపు, బ్యాగులోని స్పాంజి, దేన్నీ వదలవు. అద్దం మీద పలచటి పొరగా పేరుకుంటే ఫొటోలన్నీ సంక్రాంతి పొద్దున తీసినట్టు మంచు మంచుగా వస్తాయి. దీనికి మార్గం, గుడ్డను ఆల్కహాల్‌తో తడిసీ తడవనట్టు తడిపి, బాడీని కొంచెం కొంచెంగా తుడిచి, గుడ్డ పసుపురంగుకు తిరగ్గానే మార్చడం. నేను అలా చేస్తే ఎనిమిదో గుడ్డకు కాస్త తెలుపు కనిపించింది. కానీ ఇందులో ఆర్భాటం లేదు. అంతకంటే వెనిగర్‌ను స్ప్రే సీసాలో పోసి, మైకు రంధ్రాల్లోకి గురిచూసి కొట్టండి. సిగరెట్ వాసన అలాగే ఉంటుంది, పైన ఆవకాయ జాడీ వాసన చేరుతుంది.

ధూపం

పొగ వాసన పోగొట్టడానికి మరో పొగ వేయడం మన సంప్రదాయం. సాంబ్రాణి వేసి, పురిటి బిడ్డకు పట్టినట్టు కెమెరాకు పట్టండి. కార్ల వాళ్ళ దగ్గర ఓజోన్ యంత్రం అద్దెకు దొరికితే ఇంకా మేలు. ఓజోన్ వాసనను విరగ్గొడుతుంది, దాంతోపాటు రబ్బరును కూడా పగలగొడుతుంది. వాసన పట్టి ఉన్న రబ్బరే లేకుండా పోవడం కంటే శాశ్వత పరిష్కారం ఏముంటుంది?

ఏకాంత సేవ

కెమెరాను డబ్బాలో పెట్టి, పక్కన గుడ్డలో మూటకట్టిన వంటసోడా, చార్‌కోల్ ఉంచి, మూత బిగించి, మూడు వారాలు మరిచిపోవాలి. చార్‌కోల్‌కు ఒళ్ళంతా సన్నటి రంధ్రాలే. వాసనను పట్టి దాచుకుంటుంది. బ్యాగుల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు అలా కాదు. అవి తేమను లాగి విశాఖ, కాకినాడల్లాంటి చోట లెన్సుకు బూజు పట్టకుండా కాస్తాయి. సిగరెట్ సంగతి వాటికి పట్టదు. మూటకట్టడం మరిచి వంటసోడాను ఊరికే చల్లితే మాత్రం, జూమ్ తిప్పినప్పుడల్లా ఇసుక నమిలినట్టు చప్పుడొస్తుంది.

నేను రోజుకు రెండుసార్లు మూత తీసి, పోయిందో లేదో వాసన చూశాను. కాఫీ పొడి కూడా పోశాను. పదో రోజున అద్భుతం జరిగింది. వాసన పూర్తిగా పోయింది. మా ఆవిడను పిలిచాను. ఆవిడ గుమ్మం దాటకుండానే, "ఏమండీ, ఎవరైనా గుళ్ళో కూర్చుని కాఫీ తాగుతూ సిగరెట్ కాల్చారా?" అంది. పోయింది వాసన కాదు, నా ముక్కు. ఎంత కంపుకైనా అది పది రోజుల్లో అలవాటు పడిపోతుంది. రెండో ముక్కు అవసరం ఇదే.

ఇంత జరిగినా ఉచితంగా వచ్చిన బ్యాగునూ స్ట్రాపునూ పారేయకండి. పారేస్తే సగం వాసన ఆ రోజే పోతుంది, ఈ వ్రతం మధ్యలో ఆగిపోతుంది. శుభ్రంగా తుడిచిన కెమెరాను ప్రతి రాత్రీ ఆ బ్యాగులోనే పడుకోబెట్టండి. పొద్దున్నే మళ్ళీ మొదటి ఘట్టం నుంచి మొదలుపెట్టవచ్చు.

ఉద్యాపన

ఏ వ్రతానికైనా ఉద్యాపన చెప్పాలి. కెమెరాకైతే అమ్మేయడమే ఉద్యాపన. బాడీకి పాలిష్ పెట్టవచ్చు, గ్రిప్పు మార్చవచ్చు, ఎన్ని పెళ్ళిళ్ళు తీసిందో దాచవచ్చు. ఉన్నదున్నట్టు చెప్పేది వాసన ఒక్కటే. నెల రోజులు నేను కష్టపడింది ఆ ఒక్క సాక్షి నోరు మూయించడానికి.

మొన్న ఒక కుర్రవాడు వచ్చాడు. తిప్పి చూశాడు, నాలుగు ఫొటోలు తీశాడు. ఒక్క క్షణం ముక్కు ఎగబీల్చి, నా మొహం చూసి మొహమాటపడి ఆగిపోయాడు. "ఇంతకుముందు ఎవరు వాడారు సార్?" అన్నాడు.

"డాక్టరు గారు" అన్నాను. అబద్ధమేమీ కాదు. తెలుగులో పీహెచ్‌డీ చేశాను.

బ్యాగు కూడా ఉచితంగా ఇచ్చాను.