మీటరు మీద మా అభ్యంతరం

మహారాజశ్రీ హైదరాబాదు జలమండలి అధికారుల వారి దివ్య సముఖమునకు,

ముప్ఫై ఫ్లాట్ల అపార్ట్‌మెంటు ఒకదాని కార్యవర్గం నమస్కరించి రాయునది. నీళ్లు రావడం లేదని మీకు రోజూ ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. మాది ఆ బాపతు కాదు. నీళ్లు పొదుపు చేయండంటూ మీరు మమ్మల్ని పెడుతున్న ఇబ్బంది గురించి రాస్తున్నాం.

మీ మేలు మరిచిపోయామని అనుకోకండి. 2020 డిసెంబరు నుంచి ఇంటికి నెలకు 20,000 లీటర్లు ఉచితమన్నారు. అపార్ట్‌మెంటులో ఫ్లాటుకు అంత. ఉచితమన్న మాట చెవిన పడగానే, జనరల్ బాడీ మీటింగుకు ఏనాడూ రాని ఓనర్లు కూడా క్యాన్ నంబరుకు, అంటే నీటి కనెక్షన్ నంబరుకు, జత చేయమని ఆధార్ కాపీలు పంపారు. లెక్కల టీచరుగా రిటైరై మొదటి అంతస్తులో ఉంటున్న ఒకావిడ మాత్రం కాగితం పెన్సిలు తీసుకుని కూర్చున్నారు. అయిదుగురున్న ఇంట్లో అది మనిషికి రోజుకు 133 లీటర్లట. నగరాల్లో మనిషికి 135 లీటర్లు కావాలన్నది ప్రభుత్వ ప్రమాణమట. కాబట్టి ఇది దానం కాదు, కొలత అన్నారు. ఇద్దరే ఉన్న ఇళ్లలో మనిషికి 333 లీటర్లు వస్తాయి, మా బిల్డింగులో అలాంటివి చాలానే ఉన్నాయి, అవి ఆ కొలత కూడా ఎలా దాటుతున్నాయని మమ్మల్నే నిలదీశారు.

ఇక మీరు పెట్టిన మెలిక: ఉచితం కావాలంటే మీటరు పనిచేస్తుండాలి. సరే, గేటు పక్కన ఒకటి పెట్టించాం. లెక్క అక్కడితో ఆగిపోవాలన్నది మా సిద్ధాంతం. ట్యాంకర్లు, బోరు కరెంటు, మీ బిల్లు, అన్నీ ఒక ముద్దగా కలిపి ముప్ఫైతో భాగిస్తాం. నాలుగో అంతస్తులో బాత్ టబ్ ఉన్న ఆయనా, ఒక బకెట్‌తో స్నానం ముగించే టీచరుగారూ పైసా తేడా లేకుండా కడతారు. ఇంతటి సమభావం దేశంలో ఇంకెక్కడైనా ఉందా?

మీరేమో కృష్ణా నీళ్లను నాగార్జునసాగర్ నుంచి, గోదావరి నీళ్లను ఎల్లంపల్లి నుంచి నూరు కిలోమీటర్లకు పైగా పైపుల్లో, మోటార్లతో ఎత్తి తెస్తున్నామంటారు. 1920లో కట్టిన ఉస్మాన్‌సాగర్ నీళ్లు వాలుకు వాటంతటవే ఊళ్లోకి దిగేవి. ఇప్పటివాటికి బొట్టు బొట్టుకూ కరెంటు ఖర్చని చెబుతారు. ఆ సంగతి తెలిసినప్పటి నుంచీ మాకు గౌరవం పెరిగింది. వాచ్‌మన్ నిద్రపోయి, ఓవర్‌హెడ్ ట్యాంకు నిండి, నీళ్లు వీధిలోకి పారుతుంటే కృష్ణా గోదావరుల సంగమం మా గేటు ముందే అని గర్వపడుతున్నాం. ట్యాంకు నిండగానే మోటారు దానంతటదే ఆగే పరికరం పెట్టించొచ్చని టీచరుగారు అన్నారు. అప్పుడిక వాచ్‌మన్‌ను తిట్టడానికి ఏం మిగులుతుంది?

ఇంకుడు గుంత గురించి మీవాళ్లు వచ్చి అడిగితే ఉందనే చెప్తాం. ప్లానులో ఉంది. దానిమీద టైల్స్ వేశాం, టైల్స్ మీద ట్రెజరర్ గారి కారు ఉంది, ఆ కారును రోజూ పైపు పెట్టి కడిగిస్తున్నాం. అంటే నీళ్లు పడుతున్నది గుంత మీదే. కాకపోతే లోపలికి ఇంకవు. ఇంకుడు గుంత ఉండాలనే వాల్టా చట్టం 2002 నుంచీ ఉన్నదే కదా, ఇప్పుడెందుకు ఈ హడావుడి? దీనికీ టీచరుగారి దగ్గర లెక్క ఉంది. మా స్థలం 1,500 గజాలు. ఊళ్లో ఏటా కురిసే వాన సుమారు 800 మిల్లీమీటర్లు. మా మీద పడేది పది లక్షల లీటర్లు, అంటే అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు రెండు వందలు. సగం ఇంకించినా వంద ట్యాంకర్ల నీళ్లు మన బోరుకే దక్కుతాయని నోటీసు బోర్డు మీద సుద్దతో రాశారు. ట్రెజరర్ గారు చెరిపించారు, అది అద్దె ఇంటి ప్రకటనలకు కేటాయించిన చోటు.

2025 వేసవిలో మీరు మోటార్ ఫ్రీ ట్యాప్ అని వీధులన్నీ తిరిగి, సరఫరా పైపుకే మోటారు బిగించినవాళ్లకు 5,000 రూపాయల జరిమానా అన్నారు. మేం లాగితే చివరింటికి ధార సన్నబడుతుందట, పైపు పగిలినచోట మురుగు కూడా లోపలికొస్తుందట. చివరింటివాళ్లు కూడా మోటారు పెట్టుకోవచ్చుగా అని మావాళ్లలో కొందరి అభిప్రాయం. కార్యవర్గం దీనిమీద మాట్లాడదలచుకోలేదు.

బెంగళూరు వాళ్లను చూసి మీరు చెడిపోతారేమోనని ఇంకో దిగులు. 2024 మార్చిలో తాగే నీళ్లతో కార్లు కడిగితే అక్కడా 5,000 జరిమానా పెట్టి, మాల్స్, హోటళ్ల కుళాయిలకు గాలి కలిపి ధార తగ్గించే ఏరేటర్లు బిగించమన్నారు. మా కింద టిఫిన్ సెంటరుకు ఆ ఖర్మ వద్దు. అతను ప్లేటు కడగకుండా దానిమీద ప్లాస్టిక్ కాగితం పరిచి ఇడ్లీ పెడుతున్నాడు. నీళ్లు మిగిలాయి, ఆ కాగితాలన్నీ ఇప్పుడు నాలాలో ఉన్నాయి.

అసలు విషయానికి వస్తాం. ఫ్లాటుకో మీటరు పెట్టాలని టీచరుగారు మీటింగులో తీర్మానం ప్రతిపాదించారు. ఒక్కో ఫ్లాటుకు పైనుంచి నాలుగైదు పైపులు దిగుతాయి, అన్నింటికీ మీటర్లంటే తడిసి మోపెడవుతుందని చెప్పాం. ఎక్కువ వాడేవాళ్ల ఫ్లాట్లతో మొదలుపెట్టండి అన్నారు. అంతే, ఎవరు ఎక్కువ వాడతారో తేలకుండానే సభ ముగిసింది. ఆవిడ ఆర్వో వదిలేసిన నీళ్లు పట్టి ఇల్లు తుడుస్తారు, కుళాయికి తనే ఏరేటర్ బిగించుకున్నారు, అయినా బాత్ టబ్‌తో సమానంగా కడుతున్నానని బాధ. ఇప్పుడు మీకే ఉత్తరం రాస్తానంటున్నారు.

అది చేరేలోపు మాది చేరాలని ఇంత తొందరగా రాశాం. ఆవిడది వచ్చాక ఏం చేయాలో మీకు మేం చెప్పక్కర్లేదు, ఫైళ్ల కింద చోటు మీకు లేకపోదు.

ఇట్లు,
కార్యవర్గం తరఫున కార్యదర్శి.

సంతకాలు ముప్ఫైకి 29. అందులో 11 అమెరికా నుంచి వాట్సాప్‌లో బొటనవేలు ఎత్తినవి.